పద్నాలుగో గేటు

ముందు సీటు కోసం మూడు రోజులుగా పోటీ నడుస్తోంది. లారీ చక్రాల మీద బస్సు ఎక్కించినట్టుండే ఆ టూరు బండిలో డ్రైవరు పక్కన ఒకే ఒక్క సీటు. అక్కడ కూర్చుంటే దారంతా కళ్ళెదుట ఉంటుంది, కుదుపులు తక్కువ, ఏసీ గాలి నేరుగా ముఖానికే కొడుతుంది. పెర్త్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు కింగ్స్‌లీ మొదటి సాయంత్రమే ఆ సీటు మీద తన టోపీ పెట్టేశాడు. అప్పట్నుంచీ ఎండలో బట్టతల మాడ్చుకుంటూ తిరుగుతున్నాడు గానీ టోపీని మాత్రం అక్కణ్ణుంచి కదల్చలేదు.

రేలీన్ చూసీ చూడనట్టు ఊరుకుంది. పడమటి ఆస్ట్రేలియాలోని కింబర్లీ ఎర్రమట్టి దారుల్లో పంతొమ్మిదేళ్ళుగా జనాన్ని తిప్పుతోంది ఆమె. డ్రైవరూ ఆమే, గైడూ ఆమే, వంటమనిషీ ఆమే. ఈ సీటు పిచ్చి ఏ రోజు కుదురుతుందో ఆమెకు బాగా తెలుసు. నాలుగో రోజు పొద్దున, అందరూ తమ పడకలు చుట్టి బండి మీదకి ఎక్కించాక, చేతిలో టీ కప్పుతో అసలు సంగతి చెప్పింది.

"ఇవాళ డల్సీ అత్త భూమిలోకి వెళ్తున్నాం. లోయ దాకా పశువుల కంచెలే. ముందు సీట్లో ఉన్నవాళ్ళే దిగి గేటు తియ్యాలి, బండి దాటాక వెయ్యాలి. ఇది నేను పెట్టిన రూలు కాదు, మా వైపు ఎప్పట్నుంచో ఉన్నదే."

"ఎన్ని గేట్లేంటి?" కింగ్స్‌లీ నవ్వుతూ అడిగాడు.

"పద్నాలుగు."

నవ్వు సగంలో ఆగింది.

"రెండో మాట. ఇది ఇంకా ముఖ్యం. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. మూసుంటే మళ్ళీ ముయ్యాలి, తెరిచుంటే తెరిచే ఉంచాలి. మీ తెలివితేటలు మీ ఊళ్ళో వాడుకోండి. ఇక్కడొద్దు."

ఆఖరి ముక్క కాస్త కటువుగానే వచ్చింది. దానికి కారణముంది. పోయినేడు రెండుసార్లు రేలీన్ బండి వెళ్ళిన వెనకాలే ఒక గేటు బార్లా తెరిచి కనిపించింది. మొదటిసారి డల్సీ పెంచుకున్న ఆంబోతు వెళ్ళి లేత పెయ్యల మందలో పడింది. రెండోసారి అదే ఆంబోతు డల్సీ పుచ్చతోటలో దూరి, పేరుకి ఒక్క కాయ మిగల్చలేదు. దాని పేరు మేయర్. పిలవని చోటికల్లా వెళ్ళి, కడుపునిండా తిని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తుందని ఆ పేరు. తల్లి పోతే సీసాతో పాలు పట్టి పెంచింది కాబట్టి డల్సీ దాని మీద ఈగ వాలనివ్వదు.

"గేటు వేశానత్తా. రెండుసార్లూ నా చేత్తోనే గొలుసు తగిలించాను," అని రేలీన్ మొత్తుకుంది.

"అయితే గేటు దానంతటదే తెరుచుకుందా?" అంది డల్సీ.

ఇంకొక్కసారి జరిగితే లోయ సంగతి మర్చిపొమ్మని, జనాన్ని రోడ్డు పక్క మడుగులో ముంచి తీసుకుపొమ్మని డల్సీ తేల్చి చెప్పేసింది. చెప్పే హక్కు ఆమెకుంది. ఆ నేల ఆమె వాళ్ళది, అక్కడి ఆదివాసులది, లెక్కకందనన్ని తరాల నుంచీ వాళ్ళదే, కాగితాలు మాత్రం ఇరవై ఏళ్ళ కిందట చేతికొచ్చాయి. లోయ పోతే ఈ ప్రయాణమే పోతుంది. కంపెనీవాళ్ళు రేలీన్‌ని పట్నం బస్సు మీద వేసి, ముసలాళ్ళని ముత్యాల దుకాణాలకి తిప్పమంటారు.

అంతకంటే లోపల గుచ్చుకునేది ఇంకోటుంది. కొత్తవాళ్ళు లోయకి వస్తే, నీళ్ళలో కాలు పెట్టేముందు ఆ నేల మనిషి ఒడ్డున నిలబడి పెద్దల్ని కేకేసి పిలవాలి, అంటే పోయి కూడా అక్కడే ఉన్న తాతముత్తాతల్ని. వచ్చినవాళ్ళు ఎవరో, ఎందుకొచ్చారో వాళ్ళకి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళు ఆ పిలుపు డల్సీయే పిలిచింది. రెండోసారి గేటు గొడవ తర్వాత రావడం మానేసి మనవరాల్ని పంపుతోంది. "నువ్వు అబద్ధాలకోరువని నానమ్మ పెద్దలక్కూడా చెప్పేసింది," అని ఆ మనవరాలే చల్లగా చెవినేసింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి తనని నమ్మకపోవడం ఒక ఎత్తు. చచ్చినవాళ్ళ దగ్గర కూడా పరువు పోవడం మరో ఎత్తు. రేలీన్‌కి ఏడుపొచ్చింది గానీ ఎవరికీ చెప్పుకోలేదు.

మొదటి గేటు ఇనప గేటు. కింగ్స్‌లీ హుషారుగానే దిగాడు. రెండోదాని గొలుసు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. మూడోది అసలు గేటే కాదు, నాలుగు కర్రలకి ముళ్ళతీగ చుట్టి నిలబెట్టిన సరంజామా. తీసేటప్పుడు మర్యాదగానే వచ్చింది. వేసేటప్పుడు ఎదురుతిరిగి చొక్కా పట్టుకుంది. నాలుగోదాని దగ్గర ఎర్రదుమ్ము మొహానికి పట్టి కనుబొమలు మాయమయ్యాయి. ఐదోదాని దగ్గర ఆయన బండెక్కకుండా కిటికీ పక్కనే నిలబడిపోయాడు.

"రేలీన్ గారూ, నేనొక్కణ్ణే ఈ సీటు అనుభవించడం బాగోలేదనిపిస్తోంది. పెద్దవాళ్ళున్నారు కదా వెనక," అన్నాడు టోపీ నెత్తిన పెట్టుకుంటూ.

"ఎంత మంచి మనసండీ మీది," అంది రేలీన్.

వెనక నుంచి సన్నటి చెయ్యొకటి లేచింది. క్లారీ అనే డెబ్బై రెండేళ్ళ పెద్దమనిషిది. మూడు రోజుల్లో ఆయన నోటి వెంట మూడు మాటలు కూడా రాలేదు. "నేను చేస్తాను. నాకు గేట్లు అలవాటే," అన్నాడు.

ఆయన భార్య గ్లెనిస్ నిట్టూర్చింది. "అలవాటేంటి, రోగం. విక్టోరియాలో నలభై ఒక్కేళ్ళు రైలు గేటు కాపలా. మా పెళ్ళి రోజున కూడా చర్చి గేటు తెరిచుందని వేసి రావడానికి వెళ్ళాడు. ఫొటోలో నేనొక్కదాన్నే ఉంటాను."

బండిలో అందరూ నవ్వారు. రేలీన్ మాత్రం నవ్వలేదు, దేవుడే పంపాడనుకుంది. ఆరో గేటు దగ్గర క్లారీ పనితనం చూశాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. గేటు తీశాడు, బండి దాటే దాకా రెండు కాళ్ళూ దగ్గరపెట్టి నిటారుగా నిలబడ్డాడు, వేశాడు, గొలుసు తగిలించాడు, ఒకసారి లాగి చూశాడు, ఇంకోసారి లాగి చూశాడు. ఆ తర్వాతే ఎక్కాడు. ఈ మనిషి ఉండగా ఈసారి తనకి మాట రాదని, ఏడాది తర్వాత మొదటిసారి రేలీన్ స్టీరింగు మీద వేళ్ళు వదులు చేసింది.

పద్నాలుగో గేటు తెరిచి ఉంది. బార్లా తెరిచి, పక్కనున్న గుంజకి తీగతో కట్టేసి ఉంది.

బండి ఆగకుండానే దాటేసింది. క్లారీ మెడ తిప్పి చూశాడు. "ఎవరో మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదండీ. సాయంత్రం మంద నీళ్ళకొస్తుంది. వాటి తొట్టి ఇటుంది. అందుకే కట్టి ఉంచారు."

"తీగ వదులుగా కట్టారు."

"తెరిచుంటే తెరిచే ఉంచాలి. అదేగా పొద్దున చెప్పింది."

"చెప్పారు," అని ఒప్పుకున్నాడు క్లారీ. "ఒకవేళ నిజంగానే మర్చిపోయి ఉంటే?" అన్నాడు.

"డల్సీ అత్త ఏదీ మర్చిపోదు," అంది రేలీన్. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు.

క్లారీ గేటు కనుమరుగయ్యేదాకా పక్క అద్దంలోంచి దాన్నే చూశాడు. పంటి సందున పీచు ఇరుక్కున్నవాడి మొహం పెట్టుకుని లోయ దాకా అలాగే కూర్చున్నాడు.

లోయలో డల్సీ మనవరాలు ఎదురుచూస్తోంది. ఒడ్డున నిలబడి, బస్సు తప్పిపోతుందేమో అన్నంత తొందరగా రెండు మాటల్లో పెద్దలకి కబురు చెప్పి, మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయింది. జనం ఎర్రటి కొండగోడల మధ్య నల్లగా చల్లగా ఉన్న నీళ్ళలోకి దూకారు. కింగ్స్‌లీ టోపీతోనే దూకాడు. తర్వాత నిప్పుల్లో కాల్చిన రొట్టె, చల్లటి ఉప్పుమాంసం, డబ్బాలో బీట్‌రూటు ముక్కలతో భోజనాలు. క్లారీ ఒక్క ముద్ద కూడా సరిగా తినలేదు. రొట్టె చేత్తో పట్టుకుని వచ్చిన దారివైపే చూస్తున్నాడు. తినడం అయ్యీ అవగానే లేచి, బండి వెనక తగిలించి ఉన్న పార అందుకున్నాడు.

పార సంగతి చెప్పాలి. ఆ కొండల్లో మరుగుదొడ్లుండవు. పని పడినవాళ్ళు పార పట్టుకుని పొదల వెనక్కి వెళ్ళి, గొయ్యి తవ్వి, పని చూసుకుని, పూడ్చి రావాలి. పార పట్టుకుని వెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు, వెంట వెళ్ళకూడదు, ఎంతసేపైనా వెతక్కూడదు. మొదటి సాయంత్రమే రేలీన్ అందరికీ మరీ మరీ చెప్పింది. అందువల్ల క్లారీ పారతో బయల్దేరగానే అందరూ మర్యాదగా తలలు పక్కకి తిప్పుకున్నారు.

అరగంటయింది. గంటయింది.

"పాపం, నాలుగు రోజుల్నుంచీ లేదు," అంది గ్లెనిస్ మెల్లగా. "జున్ను తినొద్దంటే వింటేగా."

"ఏళ్ళు పైబడ్డాక అంతేనండీ," అన్నాడు కింగ్స్‌లీ. పళ్ళ డాక్టరైనా డాక్టరే కదా.

గంటన్నరకి క్లారీ తిరిగొచ్చాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు, మోకాళ్ళదాకా ఎర్రదుమ్ము. కానీ మొహం చూడాలి, తీర్థం చేసి వచ్చినవాడిలా వెలిగిపోతోంది. పార యథాస్థానంలో తగిలించి, ఆవురావురుమంటూ రెండు రొట్టెలు తిన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. కింగ్స్‌లీ మాత్రం పక్కకొచ్చి భుజం తట్టాడు.

"ప్రాణం తేలికపడిందా?"

"చాలా," అన్నాడు క్లారీ మనస్ఫూర్తిగా.

నాలుగు దాటాక రేలీన్ రాత్రి వంటకి నిప్పు రాజేస్తుండగా దూరంగా పశువుల అరుపులు వినిపించాయి. మొదట పట్టించుకోలేదు. అరుపులు ఆగలేదు, పైగా దగ్గరికి రావడం లేదు. ఈ వేళప్పటికి మంద తొట్టి దగ్గర ఉండాలి. రేలీన్ చేతిలో పుల్ల అలాగే ఆగిపోయింది. ఆమె మెల్లగా తల తిప్పి క్లారీ మొహంలోని ప్రశాంతతని చూసింది. ఆయన మోకాళ్ళ మీది దుమ్ము చూసింది.

"క్లారీ గారూ. పార పట్టుకుని ఎంతదూరం వెళ్ళారు?"

అందరూ ఉలిక్కిపడ్డారు. "అది అడగకూడదన్నారుగా," అన్నాడు కింగ్స్‌లీ.

క్లారీ తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు. "గేటు దాకా," అన్నాడు.

"రెండు కిలోమీటర్లా?"

"తీగ మరీ వదులుగా ఉందమ్మా. గాలికి ఊగుతుంటే చప్పుడు నా చెవుల్లో వినబడుతూనే ఉంది. నా వల్ల కాలేదు."

"గంటన్నర," అంది గ్లెనిస్ లేచి నిలబడి. "గంటన్నర నీ కడుపు కోసం నేను దేవుడికి మొక్కుకుంటుంటే, నువ్వు గేటు వెయ్యడానికి వెళ్ళావా?"

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆ బుద్ధి తన లోయని కూడా పట్టుకుపోతోందని రేలీన్‌కి అర్థమైంది. మూడోసారి. ఈసారి వాదించడానికి కూడా ఏమీ లేదు. అందర్నీ బండెక్కమంది. క్లారీ ముందు సీటు ఎక్కబోతే గ్లెనిస్ చొక్కా పట్టి వెనక్కి లాగింది. దారి పొడుగునా రేలీన్ ఎండ పడి ఎర్రగా మండుతున్న కొండగోడల్ని చివరిసారి చూస్తున్నట్టు అద్దంలో చూసుకుంటూ నడిపింది.

గేటుకి అవతల అరవై పశువులు గుమిగూడి అరుస్తున్నాయి. వాటి పక్కన డల్సీ పికప్ ఆగి ఉంది. దాని ముందు భాగం మీద డల్సీ కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని గేటుకేసి చూస్తోంది.

రేలీన్ బండి దిగి గేటు దగ్గరికి నడిచింది. "అత్తా, తప్పు నాది. మా మనిషే వేశాడు, పార ఇచ్చింది నేనే. నువ్వు ఏమన్నా పడతాను."

"నోరు ముయ్యవే పిల్లా," అంది డల్సీ కళ్ళు తిప్పకుండా. "చూడు."

గేటుకి ఆనుకుని మేయర్ నిలబడి ఉంది. గచ్చకాయ రంగు ఒళ్ళు, కుండంత తల. అది నింపాదిగా నాలుక బయటికి చాపి, గొలుసుకి చుట్టి, కొక్కెం మీంచి పైకెత్తింది. గొలుసు గలగలమంటూ కింద పడింది. ఆ తర్వాత, ఎంతో కాలంగా చేస్తున్న పని కాబట్టి తొందర లేకుండా, నుదురు ఆనించి గేటుని తోసింది. గేటు కదల్లేదు. గొలుసుకి కింద, గేటునీ గుంజనీ కలిపి, క్లారీ తీగతో ఎనిమిది చుట్లు చుట్టి మెలేశాడు. మేయర్ ఒక అడుగు వెనక్కి వేసి, అవమానం జరిగినట్టు పెద్దగా అరిచింది.

డల్సీ దిగి వచ్చి గొలుసు మళ్ళీ తగిలించింది. మేయర్ మళ్ళీ నాలుక చాపింది.

"నేనొచ్చి ముప్పావుగంటయింది," అంది డల్సీ. "నేను తగిలిస్తున్నాను, వీడు తీస్తున్నాడు. నేను తగిలిస్తున్నాను, వీడు తీస్తున్నాడు. ఆరేళ్ళు పెంచాను. సీసాతో పాలు పట్టాను. ఒక్కనాడైనా నా ముందు ఈ విద్య చూపించలేదు, దొంగవెధవ."

రేలీన్ గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది.

డల్సీ అప్పుడు ఆమెకేసి తిరిగింది. "గేటు దానంతటదే తెరుచుకోలేదు," అంది. గొంతు తగ్గించి, "నువ్వు వేశావే, పిల్లా. రెండుసార్లూ వేశావు," అంది.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గానీ, ఆ నిలకడేదో కాస్త ముందుగా వస్తే దాని సొమ్మేం పోయింది? ఏడాదిగా దిగమింగుకున్నదంతా రేలీన్‌కి ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. అరవై పశువుల ముందు, ఏడుగురు యాత్రికుల ముందు ఆమె వలవలా ఏడ్చేసింది. కింగ్స్‌లీ ఏం చెయ్యాలో తోచక తన టోపీ తీసిచ్చాడు. ఆమె దానితోనే మొహం తుడుచుకుంది.

"సరే, ఏడ్చింది చాలు," అంది డల్సీ. "ఈ తీగ కట్టిన మొనగాడెవడు? విప్పబోతే నా గోళ్ళు రెండు విరిగాయి."

క్లారీ ముందుకొచ్చాడు. డల్సీ ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది.

"నీళ్ళు ఎటున్నాయి?"

"ఇటండీ."

"పశువులెటున్నాయి?"

"అటండీ."

"మరి నీ బుర్ర ఎటుంది?"

"నలభై ఒక్కేళ్ళమ్మా. ఎప్పుడూ మూసే ఉంచాలని నేర్పారు," అన్నాడు క్లారీ.

"ఇప్పుడు తెరిచి పట్టుకోవడం నేర్చుకో. ఆఖరి దూడ దాటే దాకా అలాగే నిలబడు."

క్లారీ ఎనిమిది చుట్లనీ చకచకా విప్పాడు. గేటు బార్లా తెరిచి, రెండు కాళ్ళూ దగ్గరపెట్టి, కమ్మీ పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. మంద ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళవైపు పరిగెత్తింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఒక్కొక్కదాన్నీ లెక్కపెడుతున్నాడు. అన్నిటికంటే చివర మేయర్ నడిచింది. క్లారీ ఎదురుగా ఒక్క క్షణం ఆగి, ముక్కుతో గట్టిగా బుస్సుమని, ఆయన చొక్కా తడిపి మరీ వెళ్ళింది.

"పగబట్టాడు," అంది గ్లెనిస్ తృప్తిగా.

గేటుని మళ్ళీ గుంజకి కట్టమంటే క్లారీ కట్టాడు. ఈసారి గాలికి ఊగకుండా కట్టాడు. డల్సీ లాగి చూసి తలూపింది. "మిగతా పదమూడింటికీ కొక్కేలు మార్చాలి. వీడి నాలుకకి అందకుండా ఎలా పెట్టాలో పోయేముందు నా మనవరాలికి చూపించు," అంది. క్లారీ మొహం మళ్ళీ పార పట్టుకుని వచ్చినప్పటిలా వెలిగింది.

మర్నాడు పొద్దున రేలీన్ టీ కాస్తుండగా డల్సీ పికప్ వచ్చి ఆగింది. ఆమె ఎవర్నీ పలకరించకుండా తిన్నగా నీళ్ళ దగ్గరికి నడిచింది. రేలీన్ కెటిల్ దింపేసి వెనకాలే వెళ్ళింది. యాత్రికులు కూడా ఒకరొకరే వచ్చి నిలబడ్డారు. డల్సీ రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని కొండగోడలకేసి కేకేసింది. ముందు తన భాషలో చాలాసేపు మాట్లాడింది. తర్వాత అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పింది.

"వింటున్నారా, పెద్దలూ. నేను డల్సీని. ఇది రేలీన్, మీకు తెలిసిందే. పోయినేడు దీని గురించి మీకో మాట చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది గేట్లు వేసింది. దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు. దీన్ని ఎప్పటిలాగే చూసుకోండి."

కొండగోడల్లోంచి ఆ కేక తిరిగొచ్చింది.

"ఆ టోపీ ఆయన పళ్ళ డాక్టరు. మీకు ఆయనతో పని లేదు. ఈమె గ్లెనిస్, చాలా ఓపికున్న మనిషి. పక్కన సన్నటాయన క్లారీ. మనిషి మంచివాడే," అని డల్సీ ఊపిరి పీల్చుకుంది. "పార పట్టుకుని బయల్దేరితే మాత్రం కాస్త కనిపెట్టి ఉండండి."

అందరికంటే ముందు రేలీన్ బట్టలతోనే నీళ్ళలోకి దిగింది.